బావగారి వంతు

ఈమధ్య ఎవరైనా సైకిల్ పందేల గురించి అడిగితే నాకు ముందు నడుము నొప్పి గుర్తొస్తుంది, తర్వాత మా బావ వీపు. కొన్నేళ్ళపాటు ఆ వీపు చూస్తూనే తొక్కాను. పొదిలి నుంచి కనిగిరి వైపు వెళ్ళే రోడ్డుకి అటూ ఇటూ ఏమేం ఉన్నాయో చెప్పమంటే తడుముకుంటాను గానీ, బావ చొక్కా మీద చెమట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను.

మా జట్టులో ముగ్గురం. నేను పత్తి మిల్లులో గుమస్తాని. వారమంతా దూది దుమ్ము పీల్చి, ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండకుండా సైకిలెక్కే మనిషి గురించి మా ఆవిడ ఏమంటుందో ఇక్కడ రాయను. రెండోవాడు నా స్నేహితుడు. మా ఊళ్ళో మసీదు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు వాడిదే. మాలో నిజంగా తొక్కడం వచ్చింది వాడొక్కడికే. మూడో ఆయన మా అక్క భర్త, చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్లో సూపర్‌వైజరు. యాభై దాటాయి. మా ఇంటి అల్లుడు కాబట్టి ఊరందరికీ అల్లుడే. నా స్నేహితుడు కూడా ఆయన్ని బావగారనే పిలుస్తాడు.

మేం దిగేది ముగ్గురేసి కలిసి తొక్కే పందెం. జట్లని ఒకదాని తర్వాత ఒకటి కాస్త ఎడమిచ్చి వదులుతారు. ముందున్నవాడు గాలికి ఎదురొడ్డి తొక్కుతాడు. వెనకవాళ్ళు అతని చక్రాన్ని దాదాపు ఆనుకుని వస్తూ, ఆ మరుగులో కాస్త ఊపిరి తీసుకుంటారు. కాసేపయ్యాక ముందువాడు పక్కకి తప్పుకుని వెనక్కి జారతాడు, తర్వాతివాడి వంతు మొదలవుతుంది. ముగ్గురిలో ఆఖరివాడి చక్రం గీత దాటినప్పుడే టైము ఆపుతారు. ఒక్కడు ఎంత మొనగాడైనా ఉపయోగం లేదు, నీరసించినవాణ్ణి వెంటబెట్టుకుని రావలసిందే.

మా కష్టమంతా బావ వంతుతో వచ్చేది. ఆయన ముందుకి రాగానే వేగం పడిపోయేది. అది చాలదన్నట్టు తొందరగా తప్పుకునేవాడూ కాదు. తప్పుకునేసరికి ఆయన పని అయిపోయి, వెనక మా చక్రం పట్టుకోవడానికి కూడా శక్తి మిగిలేది కాదు. మేం మళ్ళీ ఆయనకోసం నెమ్మదించేవాళ్ళం. ఆయన ముందుకి రాకుండా మా మరుగున ఉండిపోతే టైము బాగుపడుతుందని మా ఇద్దరికీ తెలుసు. చెప్పేదెవరు? అల్లుడి విస్తట్లో వడ్డన పూర్తయ్యేదాకా మా నాన్న ముద్ద కలిపేవాడు కాదు. కూరలో ఉప్పు తగ్గిందని బావ ముఖం చూసి మేమే కనిపెట్టాలి తప్ప ఆయన నోట అనిపించకూడదు. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కిన ఈ పెద్దమనిషిని దింపడానికి మావాళ్ళు ఎన్ని తిప్పలు పడ్డారో నాకింకా గుర్తే. అలాంటాయన్ని నడిరోడ్డు మీద వెనక్కి పొమ్మని ఎలా అంటాం?

"నీ బావేగా, నువ్వు చెప్పరా," అనేవాడు నా స్నేహితుడు.

"నువ్వు బయటివాడివి, నిన్నయితే ఏమీ అనడు, నువ్వే చెప్పు," అనేవాణ్ణి నేను.

ఇద్దరం చెప్పలేదు. ఏటా ఫలితాల్లో మా పేర్లు వెతకాలంటే కిందనుంచి చూసుకోవడమే సులువు.

పోయిన ఏడాది నా స్నేహితుడి మోకాలు మొరాయించింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ పందెంతో సైకిలు కట్టిపెట్టమన్నాడు. పందేనికి ముందు షెడ్డులో నా సైకిల్ చెయిన్‌కి నూనె వేస్తూ, "ఒక్కసారి ఆ బహుమతుల బల్ల ఎక్కి నిలబడాలిరా. మూడో బహుమతైనా చాలు," అన్నాడు. ఎప్పుడూ ఏదీ కోరని మనిషి. ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది.

పందెం నాటికి మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. కల్లాల మీదనుంచి వచ్చే ఘాటుకి గొంతు గరగరలాడుతోంది. పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది కాబట్టి బావ వంతులు కూడా గండం లేకుండా గడిచాయి. మలుపు తిరిగాక ఆ గాలే ఎదురైంది. బావ ముందుకి వచ్చాడు. వేగం పడిపోయింది. ఎప్పటిలాగే ఎంతసేపటికీ తప్పుకోలేదు. నా స్నేహితుడు కుడికాలు నొప్పికి ముఖం పక్కకి తిప్పుకుని తొక్కుతున్నాడు. తర్వాత నా వంతు, ఆ తర్వాత వాడిది. వాడి వంతు ముగిసి పక్కకి తప్పుకోబోతుంటే, నా ముందున్న బావ మళ్ళీ ముందుకి రావడానికి సిద్ధపడటం కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మిల్లు, నడుము, ఎండ, ఇన్నేళ్ళ విసుగు అన్నీ కలిసి నోట్లోంచి బయటపడ్డాయి.

"బావా, మీరిక ముందుకి రావద్దు. గీత దాకా వెనకే ఉండండి."

ఆయన నావంక ఒకసారి చూశాడు. పక్కకి జరిగి నన్ను ముందుకి పోనిచ్చాడు.

అక్కణ్ణుంచి మేమిద్దరమే వంతులు మార్చుకున్నాం. నేను వెనక్కి జారినప్పుడల్లా ఆయన కాస్త తగ్గి, మధ్యలో చోటిచ్చేవాడు. ముఖం చూద్దామంటే తలెత్తేవాడు కాదు. అలిగాడు, సందేహం లేదు అనుకున్నాను. అలిగి ఆగిపోతే మా టైమూ ఆయనతోపాటే ఆగిపోతుంది. చివరి ఎత్తులో నేను ముందున్నాను. ఎదురుగా రాళ్ళ లారీ ఒకటి వచ్చి, దాని గాలికి సైకిల్ ఊగిపోయింది. వెనక బావ ఉన్నాడో లేడో తిరిగి చూసే ధైర్యం లేదు, ఓపికా లేదు. గీత దాటాక చూస్తే మా ఇద్దరి వెనకే ఉన్నాడు.

మాకు నాలుగో స్థానం వచ్చింది. మూడో జట్టుకీ మాకూ కొద్ది క్షణాలే తేడా.

నా స్నేహితుడు కల్వర్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. బావ మజ్జిగ ప్యాకెట్లు తెచ్చి మాకు చెరొకటి ఇచ్చి, తనూ పక్కనే కూలబడ్డాడు. ఇప్పుడు ఎలాగూ తప్పదు కదా అని నేనే మొదలుపెట్టాను.

"ఏమీ అనుకోకండి బావా. నోరు జారాను."



"నాకెప్పుడో ఓపిక పోయిందిరా," అన్నాడు బావ. "వంతు వచ్చినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు వద్దంటారేమోనని ఎదురు చూసేవాణ్ణి. మీరు అనేవాళ్ళు కాదు. తొందరగా తప్పుకుంటే చేతగాక తప్పుకున్నాడంటారేమోనని అట్టాగే లాగేవాణ్ణి. అల్లుణ్ణయ్యుండి, నా వల్ల కాదని నా నోటితో నేనెట్టా చెప్పేది?"

నాకు సిగ్గేసింది. మర్యాద, మర్యాద అంటూ ఆ మనిషిని ఇన్నేళ్ళూ ఎదురుగాలికి అప్పజెప్పింది మేమే. అవతల షామియానా కింద మూడో బహుమతి వాళ్ళని పిలుస్తున్నారు. ముగ్గురు కుర్రాళ్ళు భుజాల మీద చేతులేసుకుని బల్ల ఎక్కారు. నా స్నేహితుడు మోకాలు రుద్దుకోవడం ఆపి అటే చూశాడు.

"మనలో ఎవరో ఒకరం నోరు తెరిచుంటే, ఎప్పుడో ఎక్కేవాళ్ళం బావగారూ," అన్నాడు.

బావ తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.