ఇరవై ఏడో నంబరు

మేము అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉంటాం. మా అబ్బాయి ధ్రువ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో వాకాన్. అంటే స్కాలర్‌షిప్ లేకుండా, సెలక్షన్‌లో నెగ్గి, మా ఖర్చుతో ఆడేవాడు. మొన్న వసంతంలో తల్లిదండ్రులను ప్రాక్టీస్ చూడటానికి రమ్మంటే వెళ్లాను. హెల్మెట్లలో ముఖాలు కనిపించవు కాబట్టి ఇరవై ఏడో నంబరు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ నంబరు కుర్రాడిని ఇద్దరు ఢీకొట్టారు. పడినవాడు లేవలేదు. విజిల్ మోగి ప్రాక్టీస్ మొత్తం ఆగిపోయింది. డాక్టర్లు పరుగెత్తారు, ఆటగాళ్లంతా మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా, "నాన్నా, ధ్రువా!" అని అరుస్తూ కంచె దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, నేను ఇక్కడున్నా!"

మా వాడు హెల్మెట్ తీసి నిలబడ్డాడు. వాడి ఒంటి మీదా ఇరవై ఏడే.

"అతను స్కాలర్‌షిప్ ప్లేయర్. టీమ్‌లో వందమందికి పైనే ఉన్నాం, నంబర్లు చాలవు. అందుకే మేమిద్దరం నంబర్ షేర్ చేసుకుంటాం," అన్నాడు.

ఇంకొకరి బిడ్డ నేల మీద ఉన్నాడన్న స్పృహ కూడా లేకుండా "హమ్మయ్య" అనేశాను. కాసేపటికి ఆ పిల్లాడు లేచి కూర్చున్నాడు.

"అందరూ ఆగిపోయేసరికి నువ్వే అనుకున్నాన్రా," అన్నాను.

ధ్రువ నవ్వాడు. "అందరూ ఆగారంటేనే నేను కాదని తెలియాలమ్మా. నేను పడితే ఆపరు. డ్రిల్‌ని టెన్ యార్డ్స్ పక్కకి మూవ్ చేస్తారు, అంతే."

"నీకెలా తెలుసు?"

వాడు హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

ఇప్పటికీ ప్రాక్టీస్‌లో ఆటగాళ్లంతా ఒక్కసారిగా పక్కకు జరిగితే నేను వాళ్ల వైపు చూడను. వాళ్లు వదిలి వెళ్లిన చోట ఎవరు పడి ఉన్నారా అని వెతుకుతాను.