పిల్లికి పట్టిన పల్లేరు కషాయం

ఎనభైల్లో నేను మాచర్లలో సైన్సు టీచరుగా పనిచేశాను. ఆ ఊళ్లో ఎవరైనా నడుం పట్టుకుని నడుస్తుంటే రాళ్ల నొప్పా అని అడిగేవాళ్లు. నీళ్లు అలాంటివి. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది, ఎంత రుద్దినా పోయేది కాదు. అందుకని ప్రతి ఇంటికీ ఒక వైద్యం ఉండేది. ఒకరిది ఉలవకట్టు, ఒకరిది కొండపిండి ఆకు, ఒకరిది బార్లీ నీళ్లు. నాది పల్లేరు కషాయం. మా ఊరు నాదెండ్లలో చిన్నప్పటి నుంచీ మా నాన్నకు నేనే కాచి ఇచ్చేదాన్ని. వస్తూ వస్తూ ఎండు పల్లేరుకాయలు ఒక సీసా నిండా తెచ్చుకున్నాను. అది తాగి మా హెడ్మాస్టరుకు రాయి పడిపోయిన దగ్గర్నుంచీ స్కూల్లో అందరూ నన్ను డాక్టరమ్మా అని పిలవసాగారు. నాకది చాలా నచ్చింది. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను, జరిగిన తప్పుకి మొదలు అదే.

నేను అద్దెకున్న ఇంటి ఓనరు పంపుసెట్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. సాయిబులు. ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేదాన్ని. వాళ్ల మొదటి బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రిలోనే పోయాడు. ఆ నెల్లోనే షెడ్డులో డీజిల్ డబ్బాల వెనక వదినకు ఒక పిల్లికూన దొరికింది. దూదితో పాలు పిండి పెంచింది. అప్పుడు ఆవిడ ఒళ్లో అది లేకపోతే మనిషి దక్కేది కాదని వీధిలో ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. రెండో కాన్పుకి సాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో పుట్టింటికి వెళ్తూ, ఆ పిల్లిని నాకు అప్పజెప్పింది.

"పాలన్నం పెట్టు టీచరమ్మా. గిన్నెలో నీళ్లు మాత్రం మరిచిపోమాక. ఎండుచేపలు అడుగుతది, దొంగది. ఎప్పుడో ఒకటి, అంతే" అంది బస్సెక్కుతూ.

నేను రోజూ ఎండుచేపలే పెట్టాను. అది కాళ్లకు రుద్దుకుంటుంటే కాదనలేకపోయాను. నీళ్ల గిన్నె ఎండిపోయి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. బుధవారం వదిన బిడ్డతో వస్తుందని కబురొచ్చింది. ఆ ముందు శనివారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి పిల్లి పెరట్లో బూడిదకుప్ప మీద కూర్చుని ముక్కుతోంది. లేస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే బూడిదలో ఒకే ఒక్క తడి చుక్క, ఎర్రగా. నాకేం భయం వేయలేదు సరికదా, ఉత్సాహం వచ్చింది. రాయి! దాని మందు నా దగ్గరే ఉంది! వెంటనే కషాయం కాచి, చల్లార్చి, ఇంకు ఫిల్లరును వేడినీళ్లతో కడిగి, పిల్లి నోట్లో పోశాను. మా నాన్నకు చెప్పే మాటే దానికీ చెప్పాను: ఎంత తాగితే అంత త్వరగా కొట్టుకుపోతుంది, తాగు.

ఆదివారం పొద్దున గుడికి కూడా వెళ్లలేదు. గంట గంటకీ పడుతూనే ఉన్నాను. పిల్లి కక్కింది. కక్కినంత కషాయం మళ్లీ పట్టాను. దాని కడుపు కింద బత్తాయంత గడ్డ చేతికి తగిలింది. అయినా నాకు బుర్ర వెలగలేదు. మందు పనిచేస్తోంది, నీళ్లు చేరుతున్నాయి అనుకున్నాను.

అన్న షెడ్డు తెరవబోతూ పిల్లి అరుపు విని లోపలికి వచ్చాడు. నూనె చేత్తోనే దాని పొట్ట తడిమి, నా చేతిలో ఫిల్లరు లాక్కుని గోడకేసి కొట్టాడు.

"ఏంది నువ్వు చేసేది? డెలివరీ పైపు మూసుకుపోతే ఎవడన్నా మోటారేస్తాడా? పగిలి చస్తది!"

అంతవరకూ ఆయన నన్ను మీరు అనే అనేవాడు. నాకు ఒళ్లు మండింది. "పిల్లి పంపుసెట్టు కాదన్నా" అన్నాను. అనేశాకే ఆయన చెప్పింది తలకెక్కింది. పైనుంచి పోస్తున్నాను, కిందినుంచి చుక్క బయటికి పోవడం లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఎన్ని ఫిల్లర్లు పోశానో లెక్కపెట్టుకున్నాను.

గోనెసంచిలో పిల్లిని చుట్టి, నా ఒళ్లో పెట్టుకుని, అన్న సైకిలు వెనక కూర్చున్నాను. పశువుల ఆసుపత్రికి సెలవు. వెనక క్వార్టర్లో డాక్టరుగారు పేపరు చదువుకుంటున్నారు. పిల్లిని తెచ్చారేమిటి అన్నట్టు చూశారు గానీ, పొట్ట మీద చెయ్యి వెయ్యగానే లేచి నిలబడ్డారు.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం."

"ఏమన్నా పట్టారా?"

చెప్పాను.

"మీరు ఏం టీచరు?"

"సైన్సు."

ఆయన నా మీంచి చూపు తిప్పి మళ్లీ పిల్లి పొట్ట తడమసాగారు. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

ఉచ్చ దారి మూసుకుంది, రాతి పొడి అడ్డుపడింది, సన్నటి గొట్టం పంపి తీయాలి అన్నారు. ఆయన దగ్గరున్నవన్నీ పెద్ద పశువులకు పనికొచ్చేవి. సూదితో పొట్టలోంచి ఉచ్చ లాగొచ్చు, కానీ ఉచ్చ సంచి ఇంత బిగిసిపోయి ఉంది, పగిలితే క్షణంలో పోతుంది అన్నారు. "నెలలు నిండని పిల్లలకు ముక్కులోంచి పాలు పోస్తారు చూడండి, ఆ గొట్టం సరిపోతుంది. పెద్దాసుపత్రిలో అడగాలి. అక్కడ దొరుకుతుందో లేదో. మధ్యాహ్నం దాటితే నేను చెప్పలేను."

అన్న ఆ మాట విని, తుడిచిన చేతుల్నే మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

నేను పిల్లిని పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అది అరవడం మానేసింది. అరుస్తున్నప్పటి కంటే అదే ఎక్కువ భయమేసింది. చెవులు చల్లబడ్డాయి. బుధవారం బస్సు దిగి వదిన అడిగే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు. దానికి నేను చెప్పాల్సిన జవాబును లోపల ఎన్ని రకాలుగా అనుకున్నా చివరికి ఒకటే మిగిలింది: నేనే చంపాను వదినా. డాక్టరుగారు స్టవ్ వెలిగించి నీళ్లు మరగబెడుతున్నారు. మాటిమాటికీ వాకిలి వైపు చూస్తున్నారు.

అన్న పావుగంటలోనే వచ్చాడు. పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చే టైము కాదది. జేబులోంచి తెల్లగుడ్డ మడత తీసి విప్పాడు. లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం, పసుపు రంగుకు తిరిగింది.

"ఎక్కడిది?" అన్నారు డాక్టరుగారు.

"ఇంట్లోది సార్."

గొట్టాన్ని మరిగే నీళ్లలో వేశారు. అన్న పిల్లి ముందుకాళ్లు పట్టుకున్నాడు, నేను వెనకకాళ్లు పట్టుకున్నాను. డాక్టరుగారు రెండుసార్లు పంపబోతే వెళ్లలేదు. సిరంజితో సెలైన్ కొడుతూ మూడోసారి మెల్లగా తోశారు. ఇసుక మీద గీసినట్టు చిన్న చప్పుడు విన్నాను. అంతే, గొట్టం చివరనుంచి ఎర్రటి నీళ్లు నా చీర మీద చిమ్మాయి. వాటిలో తెల్లటి ఇసుక. నేను గట్టిగా ఏడ్చాను. సిగ్గుపడలేదు.

గొట్టం ఒకరోజు ఉంచి తీశారు. పంపేటప్పుడు డాక్టరుగారు నా వైపు తిరిగి చెప్పారు. "ఎండుచేపలు మానండి. అన్నం పల్చగా, నీళ్లు కలిపి పెట్టండి. కషాయం కావాలంటే రోజుకో చెంచా అన్నంలో కలపండి, దారి బాగున్నన్నాళ్లు. అది రాయి కరిగిస్తుందో లేదో నాకు తెలియదు, నీళ్లు లోపలికి పోవడం మంచిది. ఉచ్చ ఆగితే మాత్రం చుక్క పట్టకండి, ఇక్కడికి రండి."

సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తున్నాం. అన్న చేతిలో అదే తెల్లగుడ్డ మడత.

"మా పెద్దోడికి వేసింది టీచరమ్మా. తొమ్మిది రోజులు దీంతోనే పాలు పోశారు. వాడి సామాను మొత్తం సాగర్ కాల్వలో వేసేశానని ఆమెకు చెప్పా. ఇదొక్కటే వెయ్యలేకపోయా. వాషర్ల డబ్బాలో పెట్టుకున్నా." కొంచెం దూరం నడిచాక, "ఆమెకు చెప్పమాకండి" అన్నాడు.

చెప్పనన్నాను.

బుధవారం సాగర్ బస్సు దిగి, వదిన బిడ్డను నా చేతుల్లో పెట్టి, "పిల్లి ఏదీ?" అంది. చిక్కిపోయిన పిల్లి వచ్చి ఆమె కాళ్లను రాసుకుంది. ఏమైందని అడిగింది. చెప్పాను. రాళ్లు అడ్డుపడ్డాయని చెప్పాను, ఉచ్చ ఆగిపోయిందని చెప్పాను, రాత్రీ పగలూ కషాయం పట్టానని చెప్పాను. నా తప్పు చెప్పడానికే నోరు తెరిచాను. తర్వాతి మాట గొట్టం. అన్న గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు. నేను ఆగిపోయాను.

వదిన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "నీ కషాయమే బతికించింది టీచరమ్మా, చానా రుణపడిపోయా నీకు."

ఆ మాట వీధంతా పాకింది. కుక్క నీరసంగా ఉన్నా, పిల్లి ముక్కినా నా గుమ్మం ముందుకి తెచ్చేవాళ్లు. ఉచ్చ పోస్తోందా లేదా అని మొదట అడిగేదాన్ని. పోయడం లేదంటే చెంచా కూడా ఇవ్వకుండా, తిట్టి మరీ డాక్టరుగారి దగ్గరికి పంపేదాన్ని. డాక్టరమ్మకు గర్వం పెరిగింది అన్నారు.

పిల్లి చాలా ఏళ్లు బతికింది. ఇంటికి ఎవరొచ్చినా వదిన దాన్ని ఒళ్లోకి తీసుకుని ఆ కథ మొదట్నుంచీ చెప్పేది. అన్న వాషర్ల డబ్బా ముందేసుకుని తల వంచుకుని పని చేసుకునేవాడు. వదిన చివర్లో నా వైపు తిరిగి, "అంతే కదా టీచరమ్మా, నీ కషాయమే కదా" అని అడిగేది.

"అవును వదినా" అనేదాన్ని.