సరోజమ్మక్క కొనిపించిన చేతితొడుగులు

మా వీధిలో ఈమధ్య ఒక క్లినిక్ తెరిచారు. దాని ముందునుంచి నడిచినప్పుడల్లా స్పిరిట్ వాసన ముక్కుకు తగులుతుంది. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం పుంగనూరులో మా పక్కింట్లో ఉండిన సరోజమ్మక్క గుర్తొస్తుంది. ఆమె నర్సు. ఎంత సబ్బుతో కడిగినా ఆ వాసన ఆమె చేతులను వదిలేది కాదు. బుజ్జగింపు మాటలు ఆమెకు చేతకావు. కుట్లు వేసేటప్పుడు ఎవరైనా ఏడిస్తే, "ఏడ్సుకో, చెయ్యి మాత్రం కదపాకు" అనేది.

ఎనభైల మొదట్లో నేనొక వకీలుగారి దగ్గర టైపిస్టును. నాన్న పోయాక అమ్మా, చెల్లీ, నేనూ బతికేది నా వేళ్ల మీదే. అలాంటివాడిని, మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద ఒకరోజు ఎవరైనా సొంత మోటారుసైకిలు తెచ్చుకొని ఇష్టమొచ్చినంత వేగంగా తోలవచ్చని విని, నాన్న వదిలిపోయిన పాత బండి మీద పోదామని ఊగిపోయాను. అమ్మ ఏడ్చింది, అన్నం మానేసింది. చివరికి నన్ను ఆపుతుందని సరోజమ్మక్కను పిలుచుకొచ్చింది.

ఆమె ఆపలేదు. "ఏమేం కొంటాండావు?" అని అడిగింది. మదనపల్లెలో చూసిన నల్లతోలు జాకెట్టు గురించి చెప్పాను. జీతంలో మిగిల్చినదంతా దానికే. హెల్మెట్టు స్నేహితుడి పాతది ఉందన్నాను. ఇంకా ఏదో చెబుతుండగానే వెనకనుంచి ఒక్క తోపు తోసింది. వాకిట్లో పరిచిన గోనెసంచుల మీద బోర్లా పడ్డాను. అమ్మ కెవ్వుమంది.

"లెయ్యి. ముందు నేలకు తగిలిందేంది?"

"చేతులక్కా."

"ఎవురు పడినా అంతే. అరచేతుల్లో తోలు లేసిపోయి మా దగ్గరికొస్తారు. ఆ చేతుల్తో టైపు కొడతావా? మీయమ్మకు కూడు యాడినుంచి వస్తాది? ముందు తల, తర్వాత చేతులు. జాకెట్టు సంగతి మిగిలితే సూద్దాం."

సెలవు రోజున నన్ను మదనపల్లె బస్సెక్కించింది. అంగట్లో ప్రతి హెల్మెట్టూ నా తలకు పెట్టి, రెండు చేతులతో పట్టుకొని ఊపింది. తల కదలకుండా అదొక్కటే తిరిగితే పక్కన పెట్టేసేది. చివరికి రంగూ గీతా లేని తెల్లటి కొత్తది కొన్నాం. చేతులకు వెల్డింగువాళ్ల తొడుగులు చవగ్గా దొరికాయని నేను సంబరపడ్డాను. ఆమె నన్ను బయట నిలిపిన స్కూటరు దగ్గరకు తీసుకెళ్లి బ్రేకు పట్టమంది. వేళ్లు ముడుచుకోలేదు.

"చేతులు భద్రమే. బండి యాడ నిలబడతాది?" అంది.

ఊరంతా తిరిగి, వేళ్లు వంగే మేకతోలు తొడుగులు కొన్నాం. జాకెట్టు బదులు పాతబట్టల అంగట్లో మందపాటి కోటు దొరికింది. అద్దంలో చూసుకుంటే రైల్వేగేటు కాపలావాడిలా ఉన్నాను. ముఖం మాడ్చుకుంటే, "పెండ్లిసూపులకా పోతాండావు?" అంది.

కుప్పంలో బండిని రైలెక్కించి మద్రాసు వెళ్లాను. రన్‌వే మీద ఒక మలుపులో వెనక చక్రం జారింది. బండి మీదినుంచి పడి, చేతులు ముందుకు చాపి చాలా దూరం జారుకుంటూ పోయాను. లేచి చూసుకుంటే హెల్మెట్టు ఒక పక్కంతా గీసుకుపోయింది, తొడుగుల అరచేతులు పీలికలయ్యాయి. లోపల నా చేతులు ఎర్రగా కందాయి, అంతే. నడిమైదానంలో కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను.

పుంగనూరు చేరి నేరుగా ఆమె దగ్గరకే వెళ్లాను. ఒక్కొక్క వేలే వంచమంటూ నొక్కి చూసింది.

"మీయమ్మకు మాటిచ్చినానప్పా, నీకేం కాదని. నువ్వు పోయినకాడినుంచి నాకు ముద్ద దిగలేదు."

ఆమెకు కూడా భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తోచనే లేదు. కన్నతల్లి మీద ఉన్నంత ప్రేమ ఆ క్షణంలో ఆమె మీద కలిగింది.

"మళ్లా పోతావా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "పోతానక్కా."

పీలికలైన తొడుగులను ఒకసారి తిప్పి చూసింది. తర్వాత, "అట్లయితే కొత్త తొడుగులు తీసుకో. హెల్మెట్టు గూడా. దెబ్బతిన్నది ఇంక తలకు పెట్టొద్దు" అంది.

ఇప్పుడు నా పిల్లలు నాకు గుండెదడ పుట్టించే పని ఏదో చేస్తామంటే, వద్దనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అంతలో, ముద్ద దిగకున్నా నన్ను ఆపని సరోజమ్మక్క గుర్తొస్తుంది. "ఏమేం కొంటున్నారు?" అని అడిగి, చెప్పులేసుకొని వాళ్లతోపాటు బజారుకు బయల్దేరతాను.