బండి యజమానికి మీరేమవుతారు?

మా కారు నాది కాదు. నడిపేది నేను, కడిగేది నేను, పంక్చరైతే కర్నూలు ఎండలో కూర్చుని స్టెప్నీ మార్చేది నేను. ఆర్సీలో మాత్రం మా అక్క పేరుంది. కారు కొనేటప్పుడు మంత్రాలయంలో మాకు తెలిసిన జ్యోతిష్యుడొకాయన నా జాతకం చూసి, నాకు ఇనుము అచ్చిరాదన్నాడు. ఏళ్ల తరబడి బడిలో ఇనప కుర్చీలో కూర్చుని లెక్కలు చెబుతున్నాను, అదేం చేయలేదే అని అడిగాను. అది ప్రభుత్వం ఇనుము, నీ పేరు మీద లేదు అన్నాడాయన. అక్క జాతకానికి మాత్రం ఇనుము బ్రహ్మాండంగా కలిసొస్తుందట. అలా కడప జిల్లాలో మగ్గాల ఊళ్లో ఉంటూ, స్టీరింగు ఏనాడూ ముట్టని మా అక్క, కర్నూల్లో తిరిగే కారుకు యజమాని అయింది.

అక్క అన్నాను గానీ ఆమె మా అత్త కూడా. నేను చేసుకున్నది ఆమె కూతుర్నే. మా వైపు మేనమామ మేనకోడల్ని చేసుకోవడం ఏమంత వింత కాదు. ఆ పెళ్లితో నాకు ఏ పేచీ లేదు, ఒక్క నష్టం తప్ప. అమ్మ పొద్దస్తమానం మగ్గం గుంటలోనే ఉండేది కాబట్టి నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. ఒరేయ్ అని తప్ప ఇంకో రకంగా పిలిచి ఎరగదు. పెళ్లిలో కన్యాదానం దగ్గర ఆమె, బావ కలిసి పళ్లెంలో నా కాళ్లు కడగాలి. నేను సిగ్గుతో కాళ్లు వెనక్కి లాక్కున్నాను. ఆమె మడమలు పట్టి లాగి మరీ కడిగింది. ఆ నిమిషం నుంచి నేను ఆమెకు అల్లుణ్ణి.

ఒరేయ్ పోయింది. నా ఎదుట కూర్చోదు. నేను తిని లేచేదాకా తినదు. నాతో చెప్పాల్సినవన్నీ కూతురితో చెబుతుంది. గరిటె తన చేతిలోనే పెట్టుకుని, "ఆయప్పకు ఇంగ కొంచెం పప్పు ఎయ్యి పాపా" అంటుంది. నాకు ఒళ్లు మండేది. అక్కా, నేనే గదా అని ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కలేదు. అల్లునికి ఇయ్యాల్సిన మర్యాద ఇయ్యాల్సిందే అని, ఆ మాట కూడా కూతురికే చెప్పేది. నాకు భార్య దొరికింది, మంచి మనిషి దొరికింది, కానీ అక్క పోయింది. చచ్చేలోపు ఆమె నోట ఇంకొక్కసారి ఒరేయ్ అనిపించుకోవాలని ఉండేది నాకు. ఇలాంటి కోరిక ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఈ వేసవి సెలవుల్లో సొంత కార్లో నేపాల్ పోదామని బుద్ధి పుట్టింది. బండి దేశం దాటాలంటే సరిహద్దులో పర్మిట్టు తీసుకోవాలని, బండిలో యజమాని లేకుంటే ఆమె సంతకంతో అనుమతి ఉత్తరం ఉండాలని కనుక్కున్నాను. అక్కను కూడా రమ్మంటే రానంది. అల్లుడితో అన్ని రోజులు ఒక్క బండిలో మర్యాద కాదట. చేసేదేముంది, ఉత్తరం రాసుకుని సంతకం పెట్టించుకున్నాను. తీరా బయల్దేరే రోజు పొద్దున్నే చెనక్కాయల సంచీ, ఊరగాయ డబ్బా పట్టుకుని కడప బస్సు దిగి మా గుమ్మంలో నిలబడింది.

"నా బండి నేను లేకుండా దేశం దాటితే ఎట్ల పాపా?" అని కూతుర్ని అడిగింది.

ముందు సీట్లో కూర్చోమంటే చెవులు మూసుకుంది. కొంగు భుజాల నిండా కప్పుకుని సరిగ్గా నా వెనకాలే కూర్చుంది. నాగపూరు దాటేదాకా ఒక తీరు, దాటాక ఇంకో తీరు. మొదట్లో, నిదానంగా పొమ్మని చెప్పు అని వెనక నుంచి అనేది. నిదానంగా పొమ్మంటాంది అని నా భార్య నాకు చెప్పేది. వినబడింది అనేవాణ్ణి. వినబడిందంట అని ఆమె వెనక్కి చెప్పేది. నాగపూరు దాటాక ఈ టపా మోసి మోసి నా భార్య నిద్రపోయింది. అప్పుడు అక్క ఆజ్ఞలన్నీ దేవుడి పేరు మీద మొదలయ్యాయి. ఆ లారీని తగులుకోకుండా చూడు రాఘవేంద్రస్వామీ, ఏసీ కొంచెం తగ్గించు శ్రీశైలం మల్లన్నా అని గట్టిగా మొక్కేది. మల్లన్న తరఫున నేను ఏసీ తగ్గించేవాణ్ణి. ఇంత దూరం వచ్చి కూడా నాతో ఒక్క మాట మాట్లాడదేమని కడుపు మండిపోయేది.

సరిహద్దులో కౌంటర్ దగ్గర నా ఫైలు చూస్తే ఎవరికైనా గౌరవం కలగాలి. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషను, లైసెన్సు, ఓటరు కార్డులు, అన్నిటికీ జిరాక్సులు. అక్క కారులోనే ఉంది, అల్లుడి పక్కన కౌంటర్ దగ్గర నిలబడదు గదా, అందుకే ఆమె సంతకం పెట్టిన ఉత్తరం కూడా ఫైల్లో పెట్టాను. నేను వరసలో ఉండగా నా భార్య పక్క బల్ల మీద దరఖాస్తు నింపి తెచ్చింది. కౌంటర్‌లో కుర్రాడు కళ్లద్దాలు పెట్టుకుని మర్యాదగా ఉన్నాడు. హిందీలో మాట్లాడాడు. నా హిందీ మా వీధి సాయిబుల పిల్లలతో గోలీలాడుతూ నేర్చుకున్నది. నహీకి బదులు నక్కో, క్యోంకి బదులు కైకూ అంటుంటే ఆయన మొదట నవ్వాడు. తర్వాత కాగితాలు చూసి నవ్వడం మానేశాడు.

బండి యజమానికి మీరేమవుతారు అని అడిగాడు. తమ్ముణ్ణి అన్నాను. ఉత్తరంలో తమ్ముడనే ఉంది, దరఖాస్తులో అల్లుడని ఉందే అన్నాడు. అల్లుణ్ణి కూడా అన్నాను. నా భార్య వైపు తిరిగి మీరేమవుతారన్నాడు. కూతుర్ని అంది. మరి ఈయనకు? భార్యని అంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. ప్రశ్న మీకు సరిగా అర్థమయిందా అని నన్ను మెల్లగా అడిగాడు. చక్కగా అర్థమయిందన్నాను. దాంతో ఆయన ఇంకా కంగారుపడ్డాడు. నాకు లెక్క అర్థంకాని పిల్లవాణ్ణి చూస్తే చెయ్యి ఊరుకోదు. ఇన్సూరెన్సు జిరాక్సు వెనక్కి తిప్పి బొమ్మ గీశాను. పైన అక్క, పక్కన నేను, అక్క కింద ఆమె కూతురు, ఆ కూతురి దగ్గర్నుంచి మళ్లీ నా దగ్గరికి ఒక గీత. ఆ గీత వెనక్కి తిరిగి నా దగ్గరికే వచ్చేసరికి ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. పక్క కౌంటర్ ఆయన్ని పిలిచి చూపించాడు. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. టీ తెచ్చినతను కూడా గ్లాసులు పట్టుకుని ఆగిపోయాడు. మా వెనక వరసలో ఉన్న లారీ డ్రైవరు, తాను మద్రాసు దాకా వెళ్లొచ్చానని, ఈ మనుషులు నిజంగానే ఇలా చేసుకుంటారని జాలిగా సాక్ష్యం చెప్పాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. ముక్కూ మొహం తెలియని ఇంటికి పిల్లనిస్తే తప్పు కాదు, తెలిసిన ఇంటికిస్తే తప్పా అని నా కర్నూలు ఉర్దూలో నిలదీశాను. నా భార్య చొక్కా పట్టి లాగి, "మామా, ఊరికే ఉండు" అంది. మేనమామను హిందీలోనూ మామా అనే అంటారు. కౌంటర్ కుర్రాడికి అర్థమైన మొదటి తెలుగు మాట అదే.

ఆయన పాపం కోప్పడలేదు. మీ పెళ్లి సంగతి నాకనవసరం, ఇక్కడ గడి ఒకటే ఉంది, ఉత్తరమూ దరఖాస్తూ ఒకే మాట చెప్పాలి, లేకుంటే ఇది ఎవరి బండో అని అనుమానం వస్తుంది అన్నాడు. యజమాని ఓటరు కార్డు కూడా ఉందంటే ఆమె వచ్చినట్టే గదా, ఆమెనే పిలవండి, ఆమె ఏది చెబితే అది రాస్తానన్నాడు.

నాకు భయమేసింది. కారు ఆగిపోతుందని కాదు. అక్క అల్లుడనే చెబుతుందని నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఇంట్లో నోటిమాటగా ఉన్నది ఇప్పుడు కాగితం మీద ముద్రతో ఖాయమవుతుంది.

అక్క చెనక్కాయల సంచీతోనే వచ్చి, నాకు దూరంగా నిలబడి, కౌంటర్‌కు దండం పెట్టింది. ఒకటే రాయాలంట అమ్మా, అల్లుడా తమ్ముడా అని కూతురు విప్పి చెప్పింది. అక్క సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆమె నోరు విప్పేదాకా ఆగలేకపోయాను. నేను గీసిన బొమ్మ పట్టుకుని, సార్ మీకు ఇంకోసారి మొదటి నుంచి చెబుతాను అని మొదలుపెట్టాను.

"ఒరేయ్," అంది అక్క. "నోరు మూసుకో రా. నా బండి, నేను చెప్తాండా గదా."

నేను నోరు మూసుకున్నాను. నా భార్య నోరు తెరుచుకుంది. అక్క కుర్రాడి వైపు తిరిగి, చీరలు కొనే సాయిబులతో మాట్లాడే ఉర్దూలో, తమ్ముడని ఒక్క మాట చెప్పింది. తర్వాత తెలుగులో, ఆయనకు అర్థమవుతుందా లేదా అని చూడకుండా, "వీనికి నడక నేర్పింది నేనప్పా. అల్లుడయింది మొన్న గదా" అంది.

ఆయన అల్లుణ్ణి కొట్టేసి తమ్ముణ్ణి రాసి ముద్ర కొట్టాడు. నా భార్య నాకేమవుతుందో మళ్లీ అడగలేదు. అడిగే ఓపిక లేదనుకుంటాను.

కారు దగ్గరికి వచ్చాక తాళంచెవి రంధ్రంలో దూర్చడానికి నాకు చాలాసేపు పట్టింది. కళ్లు సరిగా కనబడలేదు. అక్క ముందు డోరు తీసి, "నువ్వు ఎనక్కి పో పాపా" అని కూతుర్ని లేపి నా పక్కన కూర్చుంది. చెనక్కాయలు ఒలిచి నా అరచేతిలో పోసింది. అక్కడి నుంచి నేపాల్ అంతా తిట్లే. మలుపులో హారన్ కొట్టనందుకు తిట్టింది, టోపీ పెట్టుకోనందుకు తిట్టింది, గుడి వరసలో ముందుకు దూరినందుకు తిట్టింది. వెనక సీట్లో నా భార్య, ఇద్దరూ కాస్త ఊపిరి తీసుకోండి అనేది. అంత సుఖంగా నేను ఏ ఊరూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గరపడుతుంటే నాకు దిగులు పట్టుకుంది. బండి వెనక్కి వచ్చేటప్పుడు ఆ పర్మిట్టు అప్పజెప్పేయాలి. తమ్ముడని ముద్రతో ఉన్న కాగితం అదొక్కటే. ఇవ్వబుద్ధి కాలేదు. కౌంటర్‌లో ఆయన చెయ్యి చాపితే ఇచ్చి, వచ్చి కార్లో కూర్చున్నాను. ముందు గేటు లేచింది. అవతల మన దేశం. నేను గేరు వేయకుండా అలాగే కూర్చున్నాను. అక్క కొంగు సర్దుకుంటుంటే, మళ్లీ భుజాల నిండా కప్పుకుంటుందేమోనని చూస్తున్నాను.

"ఒరేయ్, నిద్రపోతాండావా ఏమి?" అంది. "ఎనక హారన్లు కొడతాండారు. పోనీ రా."

పోనిచ్చాను.