నన్ను ఓడించిన అక్క

చిన్నప్పటి వీడియో గేముల మాట వచ్చినప్పుడల్లా, ధర్మవరంలో మా వీధికంతా నేనే మొనగాణ్ణని ఆఫీసులో చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. నన్ను ప్రతిసారీ ఓడించిన మనిషి ఒకరుండేవారు. ఆమెను ఆటలోంచి ఎట్లా తప్పించానో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో, నేను ఏడో తరగతిలో ఉండగా, టీవీకి తగిలించి ఆడే గేమును నాయన హిందూపురం నుంచి తెచ్చాడు. దాంతో వచ్చిన క్యాసెట్లలో టెన్నిస్ ఒకటి. మా ఊళ్లో ఎవరైనా టెన్నిస్ ఆడగా నేను చూసింది లేదు. స్కోరులో పదిహేను, ముప్పై తర్వాత నలభై అయిదు రాకుండా నలభై ఎందుకు వస్తుందో నాయనకూ తెలియదు. అయినా బడి వదిలితే నాకు అదే ధ్యాస. ఆ పచ్చటి కోర్టు, ఎత్తు కుర్చీలో కదలకుండా కూర్చున్న అంపైరు, బంతి తగిలినప్పుడల్లా టిక్కుమనే చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఎదురింట్లో చీరలు నేసే మామ ఉండేవాడు. ఆయన కూతురు నాకన్నా రెండేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు ఆడుకోవడానికి మా ఇంటికి వచ్చేది. మూడో వారానికే నన్ను ఓడించింది, ఆ తర్వాత ప్రతిసారీ తనే గెలిచేది.

"బంతిని కాదప్పా, కింద దాని నీడ పోతాంటాది సూడు. దాని ఎంబడి పో," అని కిటుకు కూడా తనే చెప్పింది.

ఒక ఆదివారం నా ఆట చూపిద్దామని బడి స్నేహితులను ఇద్దరిని పిలిచాను. వాళ్ల ముందే అక్క నన్ను వరుసగా మూడుసార్లు ఓడించింది.

"ఏమబ్బా, ఆడపిల్ల చేతిలోనా?" అని వాళ్లు నవ్వారు.

అక్క నవ్వలేదు. "ఇంగోసారి ఆడదాం రా," అంది. నేను వైరు పీకేశాను.

మరుసటి సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. మామ మగ్గం మీద ఉన్నాడు.

"మామా, అక్క మా ఇంట్లో మగపిల్లోళ్లతో కూచోని ఆడుతాండాది. వీధిలో అందరూ ఏందేందో అనుకుంటాండారు," అన్నాను.

వీధిలో ఎవరూ ఏమీ అనుకోలేదు. మామ చేతులు ఆగాయి.

"ఎవురన్నారప్పా?"

"అందరూ."

"సరే, నువ్వు పో," అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు.

ఆ తర్వాత అక్క మా ఇంటికి రాలేదు. ఆదివారాలు వాకిట్లో కూర్చుని పట్టుదారం కండెలకు చుట్టేది. నేను కనబడితే, "గెలిచినావా ఈ పొద్దు?" అని అడిగేది. గెలిచానని చెప్పేవాణ్ణి. స్నేహితుల మీద నిజంగానే గెలిచేవాణ్ణి, తను చెప్పినట్టు నీడను చూస్తూ. పదో తరగతి తర్వాత ఆమెను చదువు మాన్పించారు. అందులో నా మాటకు ఎంత పాలుందో తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

పదేళ్ల తర్వాత, హిందూపురం పోయే ప్యాసింజరు రైల్లో కనబడింది. పెళ్లయి పెనుకొండలో ఉంటోందట. పక్కన ఆమె కూతురు సెల్‌ఫోన్లో ఏదో ఆట ఆడుకుంటోంది. నన్ను గుర్తుపట్టి ముందు తనే పలకరించింది.

"ఆ టెన్నిసు ఇంకా ఉండాదాప్పా?"

"ఎప్పుడో పాడైపోయిందక్కా."

"నేను ఆట అని ఆడింది అదొక్కటే. ఎవురో మా నాయనకి లేనిపోనివి చెప్పినారు. ఆ పొద్దు నన్ను కొట్టినాడు గూడా. ఎవురు చెప్పినారో నీకేమన్నా తెల్సా?"

ఆ గొంతులో కోపం లేదు. పాత వీధి కబురేదో అడిగినట్టు అడిగింది. కొట్టిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

"తెలీదక్కా," అన్నాను.

పెనుకొండ రాగానే పాపను దింపుతూ, "ఒకసారి ఇంటికి రాప్పా, అన్నం తిని పోదువు," అంది. సరేనన్నాను. ఇంతవరకూ వెళ్లలేదు.