ఏటిమొగ తిట్టు మీద మా వదినె కాపురం

పోయిన మంగళవారం ఉదయం బడిలో పిల్లలచేత పద్యం వల్లె వేయిస్తూండగా, మనిషిని కూచోబెట్టి తోసుకుపోయే మా వీధి పుష్‌పుష్ బండివాడు బండిని ఎండలోనే వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అయ్యా, రెడ్డియార్‌పాళయం పెద్దమ్మ పొయినారు" అన్నాడు. ఏ పెద్దమ్మ అని అడిగాను. వాడు తల వంచుకున్నాడు. అంతకు ముందునాటి సాయంకాలమే ఆమె చేతి కాఫీ తాగి, ఆమె చేత చీవాట్లు తిని వచ్చినవాణ్ణి నేను. నా చెవులు ఆ మాటను విన్నాయి గాని మనస్సు లోపలికి రానివ్వలేదు. పిల్లలు పద్యం ఆపలేదు. నేనూ ఆపమనలేదు.

మా అన్న రంగనాథం సహధర్మచారిణి, మా ఇంటి పెద్దకోడలు, నా వదినె ఆదిలక్ష్మమ్మ ఇక లేదు. గుండెలో పట్టినట్టుందని కూచుని, మంచినీళ్ళడిగి, చెంబు అందేలోపలే ఒరిగిపోయిందట. తీరని వ్యాధి లేదు, దీర్ఘమైన మంచం లేదు. చేసే ప్రతి పనినీ గభాలున చేసే మనిషి ఆ పనినీ అట్లే చేసింది.

ఈ పుదుచ్చేరిలో ఆమె పేరు తెలియనివారు ఉండవచ్చు గాని ఆమె కథ తెలియనివారు అరుదు. "ఇసుకతిట్టు మీద కాపురముండిన నాయుళ్ళ ఇల్లు" అంటే కొత్త బండివాడైనా సరాసరి మా రెడ్డియార్‌పాళయం ఇంటి వాకిట దింపుతాడు. అయితే ఆ కథ నోటినుంచి నోటికి పోయేకొద్దీ వికృతమయింది. వారు సన్యసించారని కొందరు, నిధి కోసం వెళ్ళారని కొందరు, దంపతులు సిద్ధులయ్యారని కొందరు చెబుతూ వచ్చారు. కళ్ళారా చూసినవాణ్ణి గనుక జరిగింది జరిగినట్టు చెప్పడం నా ధర్మం.

వదినె పుట్టిల్లు కాలాపేట. అలల హోరులో పెరిగినందువల్ల కాబోలు, ఆమెది సహజంగానే ఉచ్చస్వరం. అటువంటి పిల్ల మా ఇంట మెట్టింది. మా ఇంట తాత, నాయన, చిన్నాయనలు, వారి భార్యలు, బిడ్డలు, అందరూ ఒకే కప్పు కింద. పగటిపూట పెద్దల ఎదుట భార్యాభర్తలు మాట్లాడుకోవడం మా ఇంట మహాపరాధం. భర్తకు అన్నం వడ్డించి పక్కకు తప్పుకోవాలి. ఏదైనా చెప్పవలసివస్తే పసిపిల్లల ద్వారానో, నా ద్వారానో చెప్పాలి. మేమెవరమూ లేకపోతే వదినె నడవలోని స్తంభంవైపు తిరిగి, "స్తంభమా, నీళ్ళు కాగినాయి, పోసుకోమను" అనేది. అన్న నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట కుక్కుకునేవాడు. ఒకనాడు మా తాత అక్కడే ఉండి, "ఈ ఇంట్లో స్తంభానికి ఉండే భాగ్యం నా మనవడికి లేదే" అని గొణిగాడు. కాని రివాజు మాత్రం మార్చలేదు.

అన్న సర్కారు మరామతు కచేరిలో పటాలు గీసేవాడు. మహాయుద్ధానికి కొన్నేళ్ళ ముందు, మురుంగపాక్కం దాటి ఏరు సముద్రంలో కలిసేచోట కొలతలు తీయడానికి దొర అతణ్ణి పంపాడు. తిరిగివచ్చి భోజనాల దగ్గర చెప్పాడు. ఏటిమొగలో ఒక ఇసుకదీవి ఉంది, అక్కడివారు దాన్ని తిట్టు అంటారు, నాలుగు తాటిచెట్లు, మొగలిపొదలు తప్ప నరమానవుడు లేడు అని. తలుపు వెనక గాజులు గలగలమనడం నేను విన్నాను.

మర్నాడు వదినె నన్ను బావి దగ్గర పట్టుకుంది.

"కోదండం, మీ అన్నని అడుగు. ఆ తిట్టు మీద నిజంగానే ఎవురూ లేరా?"

"లేరనే కదా వదినా చెప్పినాడు."

"అట్లయితే మేము ఆడికి పోతాము. పొయ్యి ఆడనే ఉంటామని చెప్పు."

"ఏందుకు వదినా?"

"ఏందుకా? ఈ ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె. మీ అన్నకి ఏ కూర ఇష్టమో తెలుసు, ఏం తలుస్తాడో తెలీదు. పగలు నోరు తెరిచి ఒక మాట మాట్లాడుకునే చోటు కావాల నాకు."

నేను పరిహాసమనుకుని ఆ సందేశాన్ని నవ్వుతూ అందించాను. అన్న నవ్వలేదు. "ఆ మాట ఆమె అన్నదా? నేను అడగాలని, ఎట్ల అడిగేదో తెలీక ఊరుకున్నా" అన్నాడు.

ఇల్లు అట్టుడికింది. నాయన వారం రోజులు అన్నతో పలకలేదు. అమ్మ పస్తుండి, "కోడలు నా బిడ్డని ఏట్లో ముంచుతుంది" అని ఏడ్చింది. చిన్నాయన భార్యలు వదినెను వింత జంతువును చూసినట్టు చూశారు. అన్న రాజీనామా పట్టుకుపోతే దొర పగలబడి నవ్వి, "ఇది వద్దు, సెలవు తీసుకో, వానలు పడేదాకా చూద్దాం" అన్నాడట. వదినె వానలనూ లెక్క చేయలేదు, దొరనూ లెక్క చేయలేదు. రెండు కుండలు, చాప, బియ్యం, ఉప్పు, చింతపండు మూటగట్టి ఎద్దుబండి ఎక్కింది. మురుంగపాక్కం రేవులో మునియన్ అనే, చేపలు పట్టే పట్టపువాడు తన పడవలో మమ్మల్ని ముగ్గురినీ దాటించాడు.

ఆ దినాన్ని తలచుకుంటే ఈ వయస్సులోనూ నా రక్తం ఉరకలు వేస్తుంది. పడవ ఇసుకను తాకీ తాకకముందే వదినె నీళ్ళలోకి దూకింది. తడిసిన చీరతో పైకి పరుగెత్తి, తాటిచెట్ల మధ్య నిలబడి నలుదిక్కులూ చూసింది. ఒకవైపు ఏరు, ఒకవైపు కడలి, పైన అనంతమైన ఆకాశం. ఆమె రెండు చేతులూ దోసిలిగా నోటికి పెట్టుకుని సముద్రంవైపు తిరిగి, "రంగనాథం" అని ఎలుగెత్తి పిలిచింది.

కులస్త్రీ భర్త పేరును ఉచ్చరిస్తే ఆయువు క్షీణిస్తుందని నమ్మే ఇల్లు మాది. మునియన్ చేతి తెడ్డు జారిపోయింది. అన్న ఒక్క క్షణం బిత్తరపోయి, ఆపైన పసివాడిలా నవ్వి, "ఆఁ, ఏంది?" అన్నాడు.

"ఏం లేదు. సుమ్మా, ఊరికే పిలిచినా" అన్నది వదినె.

ఆ సాయంత్రానికల్లా తాటాకుల పాక లేచింది. తాటిచెట్ల మొదట ఇసుకలో ఆమె చేతులతోనే చెలమ తవ్వింది. ఇంత ఉప్పునీటి నడుమ తీయని నీరు ఊరడం చూసి నేను విస్తుపోతే, "మా కాలాపేటలో ఇంతే కదా అబ్బాయా, లోతుకి తవ్వబాక, ఉప్పయిపోతుంది" అన్నది. వారిద్దరినీ అక్కడ విడిచి తిరుగుపడవ ఎక్కినప్పుడు గాలిలో వారి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఏటి నడుమకు వచ్చినా వినిపించాయి. అన్న అంత మాటకారి అని నాకు ఆనాడే తెలిసింది.

అయితే అది నందనవనమేమీ కాదు. ఎండకు ఇసుక పెనంలా కాగేది. అన్నంలో ఇసుక, చాపలో ఇసుక, చెవుల్లో ఇసుక. పీతలు మూటలు కొరికేవి. పోట్లాటలూ వచ్చాయి. బియ్యం అందించడానికి వెళ్ళిన నాకు వదినె ఒకనాడు చెప్పింది.

"ఇంట్లో అయితే అలిగి పుట్టింటికి పోవచ్చు. ఈడ యాడికి పొయ్యేది? ఆ కొసకి పొయ్యి కూచున్నా. ఆయన ఈ కొసన కూచున్నాడు. పోటు వచ్చి నీళ్ళు నా కాళ్ళ దాకా వచ్చె. లేచొచ్చి కూడు వండినా. తిని, మళ్ళా మొదుట్నుంచి కొట్లాడినాము. ఈ తడవ బాగా మాట్లాడుకున్నాము."

వారు కోరిన ఏకాంతం మాత్రం చిరకాలం దక్కలేదు. వార్త పట్టణమంతా పాకింది. ఆదివారాలు పడవలు కట్టించుకుని జనం రాసాగారు. కొందరు దూరంనుంచి చూసి పోయేవారు, కొందరు కొబ్బరికాయలు తెచ్చి కాళ్ళకు మొక్కేవారు. బిడ్డను చంకన వేసుకువచ్చిన ఒక తల్లి విభూతి పెట్టమని వేడుకుంటే, వదినె ఆ బిడ్డకు గంజి పట్టి పంపింది. "కోదండం, మనింట్లో కంటే ఈడనే జనం ఎక్కువైపొయినారు. అయినా ఏం, మా మాటకి అడ్డం వచ్చేవాళ్ళు లేరు" అని నవ్వింది. జనం లేని వేళల మునియన్ కట్టుమరాన్ని అడిగి తీసుకుని, దుంగల మీద మోకాళ్ళూని తెడ్డు వేయడం అభ్యసించింది. మొదట్లో బోర్లాపడింది. తరువాత తరువాత ఏటికి అడ్డంగా వెళ్ళి రాసాగింది. ముచ్చటపడి మునియన్ పాత కట్టుమరమొకటి ఆమెకే వదిలేశాడు.

ఆశ్వయుజం చివర వానలు దిగాయి. అన్నకు జ్వరం తగిలిందని మునియన్ కబురు తెచ్చిన మరునాడే ఏరు పొంగింది. రేవుకు పోయి చూద్దుము గదా, ఎర్రటి నీరు చెట్లను వేళ్ళతో సహా పెకలించి మొగవైపు ఈడ్చుకుపోతోంది. మునియన్ పడవ దించబోతే అతని వాళ్ళే చేతులు పట్టుకుని ఆపారు. పస్తులుండి ఏడ్చిన మా అమ్మ బండి కట్టించుకుని వచ్చి, తడిసిన గట్టుమీద చతికిలబడి తిట్టువైపు చూస్తూ కూచుంది. నీరు గంటగంటకూ దీవిని కొరుక్కుతింటోంది. పాక ఒరిగిపోవడం మా కళ్ళతో చూశాము.

మధ్యాహ్నం వాన కాస్త వెలిసింది. అప్పుడు కనిపించింది ఆమె. మొలలోతు నీటిలో నడుస్తూ, దీవి అంచు వెంబడి కట్టుమరాన్ని ప్రవాహానికి ఎదురుగా పైకి తోసుకుపోతోంది. దుంగల మీద అన్న పడుకుని ఉన్నాడు. పాత చీరతో అతణ్ణి దుంగలకు కట్టేసింది. "యాడికి పోతుంది అట్ల ఎదురుగా?" అని అమ్మ అరిచింది. "ఆమెకి తెలుసమ్మా. నేరుగా వదిలితే కడల్లోకి పోతారు. పైనుంచి వదిలితే ఏటవాలుగా ఇట్ల వస్తారు" అన్నాడు మునియన్. దీవి కొసకు చేరి ఆమె ఎక్కి కూచుంది, వదిలింది.

ఆపైన కట్టుమరం కట్టుమరంగా లేదు. గడ్డిపోచలా సుడులు తిరిగింది. ఒక మొద్దు వచ్చి తాకితే పక్కకు ఒరిగింది. ఆమె తెడ్డును దిగేసి బరువంతా అటు మొగ్గి నిలబెట్టింది. అంత హోరులోనూ ఆమె కంఠం మాకు వినిపించింది. భర్తతో మాట్లాడుతోంది. "కండ్లు మూయబాక. నన్ను చూడు. నిన్న చెప్తుంటివే, ఆ కత చెప్పు. తరువాత ఏమాయె, చెప్పు" అంటోంది. మునియన్ నడుముకు మోకు కట్టుకుని దూకాడు. మేమందరం గట్టుమీద ఆ మోకు పట్టుకున్నాము, మా అమ్మతో సహా. అతని చేయి దుంగను అందుకున్న క్షణాన మా అందరి కంఠాలనుంచీ వెలువడిన శబ్దం ఏమిటో నేను చెప్పలేను.

గట్టుకు చేర్చగానే అన్న తల్లిని చూసి లేవబోయాడు. వదినె అతని రొమ్ముమీద చేయి వేసి, అందరి ఎదుటా, "నువ్వు లెయ్యబాక. పండుకో" అన్నది. అమ్మ వెంట వచ్చిన మా చిన్నాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పెద్దలుండారే, మొగుణ్ణి నువ్వంటావేందే" అని గద్దించింది. అమ్మ మోకు ఒరిసి రక్తం చిమ్మిన అరచేతులను చూసుకుంటూ, "ఊరుకో. అది పిలవబట్టే వాడు కండ్లు తెరిచి ఉండాడు. ఎట్లైనా పిలుచుకోనీ" అన్నది. అని వదినె తడితల తన కొంగుతో తుడవసాగింది. అంతవరకూ ధైర్యంగా ఉన్న వదినె అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

నాటినుంచి మా ఇంటి రివాజు కూలిపోయింది. ఎవరూ తీర్పు చెప్పలేదు, ఎవరూ ప్రకటించలేదు. వదినె నడవలో కూచుని అన్నతో మాట్లాడేది, తక్కిన కోడళ్ళు మొదట తలుపు చాటునుంచి విన్నారు, కొన్నాళ్ళకు తామూ నోళ్ళు విప్పారు. ఏ మూల ఎవరు సంభాషించుకుంటున్నారో తెలియక మా నాయన గుమ్మం దాటే ముందల్లా దగ్గడం అలవాటు చేసుకున్నాడు. దొర అన్నను మళ్ళీ కచేరిలోకి తీసుకున్నాడు. నీళ్ళు తీసిన తరువాత ఏటా వేసవిలో ఇంటి ఆడపిల్లలనూ కోడళ్ళనూ మురుంగపాక్కం తీసుకుపోయి ఈత నేర్పించడం వదినె తన బాధ్యతగా పెట్టుకుంది. నా భార్యా ఆమె శిష్యురాలే. "మీ తిట్టు కాపురం చివరకు చెడిపోయింది గదా" అని ఎవరైనా అంటే, "చెడిపోవడమేంది? పాక పోయింది, కాపురం ఉండాది కదా" అనేది.

దహనంనాడు ముసలి మునియన్ నలుగురు కొడుకులతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. అన్న అతణ్ణి దగ్గరకు పిలిచి భుజం పట్టుకున్నాడు. మూడవనాడు అతని పడవలోనే ఏటిమొగకు వెళ్ళాము. తిట్టు ఎన్నడో సముద్రగర్భంలో కలిసిపోయింది. ఇక్కడే అని మునియన్ చెప్పిన చోట అలలు తప్ప మరేమీ లేవు. అక్కడే అన్న అస్థికలను నీటిలో విడిచాడు. విడిచి, ఖాళీ కుండను ఒడిలో పెట్టుకుని కూచుని నాతో అన్నాడు.

"గుడికి పొయినా, అంగడికి పొయినా నాతో చెప్పి పొయ్యేది రా. ఈ తడవ చెప్పలా."

తల్లివంటి మా వదినె ఆదిలక్ష్మమ్మకు, ఆమె సాహసానికి, ఆమె కంఠానికి సాష్టాంగ నమస్కారం. ఇవాళ మా ఇంట అందరమూ ఉన్నాము. వంటింట్లో కోడళ్ళు ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అన్న ఒక్కడే నడవలో కూచుని ఉన్నాడు.