కిటికీలో పెట్టిన ఫోన్

టెక్కలి నుంచి పలాస దాకా బస్సు, అక్కణ్ణుంచి ఉద్దానంలోకి ఆటో. బడికి చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగిలిన సగం ఫోన్ తీసుకుంటుంది. వెళ్లగానే నా ముఖం ఫొటో, తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్నం అన్నం ఫొటో, గుడ్ల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో. సిగ్నల్ కోసం ప్రహరీ పక్కన చెయ్యెత్తి నిలబడితే కొబ్బరికాయలు దింపడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు. ఈ చాకిరీ అయ్యాక ఓపికుంటే లెక్కలు చెప్పాలి. నేను లెక్కల టీచర్ని.

మా పదో తరగతి గది గోడకు పెద్ద టీవీలాంటి డిజిటల్ ప్యానెల్ ఉంది. కరెంటు ఉన్నంతసేపు బాగానే పనిచేస్తుంది. శంకువునీ గోళాన్నీ దాని మీద తిప్పి చూపిస్తే పిల్లలకు చప్పున తెలుస్తుంది. నా విసుగు దాని మీద కాదు. "ప్యానెల్ వాడారా?" అని అడిగేవాళ్లే గానీ, పిల్లలకి తెలిసిందా అని అడిగే నాథుడు లేడు.

ఆ ఏడాది హాజరు యాప్‌లో పదో తరగతి అమ్మాయి ఒకరి పేరు పక్కన వారం వారం రాలేదని ఎరుపు పడేది. వాళ్ల నాన్న కొబ్బరిచెట్లెక్కే మనిషి. మా వైపు చాలా ఇళ్లలో లాగే ఆయనకీ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి వారానికి రెండుమూడుసార్లు పలాస తీసుకెళ్లాలి. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, ఆవిడ పని మానితే పొయ్యి వెలగదు. అందుకని తోడు వెళ్లేది ఈ పిల్లే.

దసరా సెలవులయ్యాక ఒకరోజు నా దగ్గరకొచ్చింది. "నేను మానీస్తాను మేడం. సగం పాఠాలు ఇనకుండా పరీచ్చేటి రాత్తాను?" అంది. ఏడవలేదు. ఏడవనందుకే నాకు భయం వేసింది.

ముందు అందరూ చేసే పనే చేశాను. సిద్ధంగా ఉన్న వీడియో పాఠాలు, బడిలో ఇచ్చిన ఆమె ట్యాబ్‌లో వేసిచ్చాను. కొన్నాళ్లాగి అడిగితే తల అడ్డంగా ఊపింది.

"బొమ్మలు బాగున్నాయి మేడం. కానీ వీడియోలో ఆవిడ ఊపిరి తీసుకోకుండా సెప్పుకుపోతాది. నాకెక్కడ తెలీలేదో ఆవిడకి తెలీదు కదా."

నిజమే. క్లాసులో నేను ఎవరో ఒకరి ముఖం చూసి ఆగుతాను, వెనక్కెళ్లి మళ్లీ చెబుతాను. మర్నాటి నుంచి ఆమె రాని రోజుల్లో నా ఫోన్‌ని కిటికీ ఊచల మధ్య పెట్టి, డస్టర్ ఆనించి, మా క్లాసునే రికార్డు చేశాను. సాయంత్రం పలాస కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చుని ముక్కలు ముక్కలుగా పంపేదాన్ని. కళ్లు మూతలు పడేవి. నాకెందుకొచ్చిన గొడవ అనిపించేది. అయినా పంపేదాన్ని. తర్వాతిసారి డయాలసిస్ దగ్గర కూర్చుని ఆమె అది వినేది, తెలియని చోట వాయిస్ మెసేజ్ పెట్టేది. దానికి జవాబు క్లాసందరికీ చెప్పేదాన్ని. ఆమెకొచ్చిన అనుమానమే మిగతావాళ్లకీ ఉండేది, నోరు విప్పేవాళ్లు కాదంతే.

ఒకరోజు ఆమె నంబరు నుంచి మగగొంతు వచ్చింది.

"మేడమ్మా, నాను మీ కాడ సదివే గుంట తండ్రిని. ఇయర్‌ఫోన్లో ఒకటి అది సెవిలో ఎట్టుకుంటాది, ఇంకోటి నాను ఎట్టుకుంటన్నాను. మిసను కాడ పడుకోవడం తప్ప నాకింకేటి పని? ఆ ఎనక బెంచీవోడిని రోజూ తిడతన్నారు, ఆడేటి సేసినాడు పాపం?"

బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత కూతురి మెసేజ్ వెనకాల తండ్రిది కూడా వచ్చేది. నిజం చెప్పాలంటే, ఆయన వింటున్నాడని తెలిశాక పాఠం ఇంకాస్త బాగా చెప్పేదాన్ని.

త్రికోణమితిలో ఎత్తులు, దూరాల పాఠం వచ్చింది. ప్యానెల్‌లో ఏదో దేశపు గోపురం బొమ్మ ఉంది. దాన్ని వదిలేసి పిల్లల్ని బయటికి తీసుకెళ్లాను. బడి పక్క కొబ్బరిచెట్టు దగ్గర టేపుతో దూరం కొలిచాం, కోణమానినికి దారం కట్టి కోణం చూశాం. లెక్క మొదలెట్టేసరికి ఫోన్లో రికార్డింగ్ ఆగిపోయింది. అన్నాలు, గుడ్లు, మరుగుదొడ్లు కలిసి అందులో చోటు లేకుండా చేశాయి. అది చూసుకోకుండా ఉన్నంతవరకూ పంపేశాను.

డయాలసిస్ రోజున ఆయన గొంతు వచ్చింది. "మేడమ్మా, దూరం కొలిసీసారు, కోణం సూసీసారు. ఎత్తెంతో సెప్పకుండా ఆగిపోనాది. ఎక్కకుండా సెట్టెత్తు ఎలగ సెప్తారో నాను సూడాల. మిగతాది పంపండి." మాట మాటకీ ఆయాసపడుతున్నాడు.

ఫొటోలన్నీ తీసేసి, మర్నాడు మిగతా పాఠం చెప్పి పంపాను. ఆ రాత్రి గడిచి తెల్లవారుతుండగా ఆయన పోయాడు.

పెద్దకర్మ అయ్యాక ఆ పిల్ల బడికొచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, మిగతా పాఠం చూశావా అని అడిగాను.

"అది రాకముందే నేనే లెక్క సేసి నాన్నకి సెప్పీసాను మేడం, ఇంటికెళ్లీటప్పుడు ఆటోలో. నాను ఇన్నాళ్లూ ఎక్కినాను, నువ్వు కూకునే సెప్పీసినావు అని నవ్వాడు. బడి మానకన్నాడు."

ఆమెను బెంచీలో కూర్చోమని, నేను బోర్డు వైపు తిరిగి చాలాసేపు తేదీ రాశాను.

ఆ తర్వాత ఆ పిల్ల ఒక్కరోజూ మానలేదు. యాప్‌లో ఆమె పేరు పక్కన అంతా ఆకుపచ్చే. తనిఖీకొచ్చిన అధికారి అది చూసి, "ఈ అమ్మాయి హాజరు బాగా పెరిగింది మేడం. ఏం చేశారో రాసివ్వండి, మిగతా బళ్లకీ చెబుదాం" అన్నారు. మంచి మనిషే, ఆయనకేం తెలుసు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఏమీ చెయ్యలేదండీ అన్నాను.

ఆయన వెళ్లాక క్లాసుకెళ్లి, అలవాటు కొద్దీ ఫోన్ కిటికీలో పెట్టి డస్టర్ ఆనించాను. మొదటి బెంచీలోంచి ఆ పిల్ల మెల్లగా అంది.

"ఇంకెందుకు మేడం. నేను రోజూ వత్తన్నాను కదా."